చంటిబిడ్డ ఎవరి రిమాండ్‌లో ఉన్నట్టు?

రెండు తెలుగు రాష్ట్రాల మేజిస్ట్రేట్లకు, సెషన్స్ జడ్జీలకు, అండర్‌ట్రయల్ రివ్యూ కమిటీలకు అధ్యక్షత వహిస్తున్న జిల్లా ప్రధాన న్యాయమూర్తులకు,



పాలు తాగే బిడ్డ ఉన్న ఒకామె తరఫున ఈమధ్య ఒక కోర్టులో బెయిల్ అడిగాను. దొంగతనం కేసు. బిడ్డకు ఏడో నెల, తల్లితోపాటు జైల్లోనే ఉంది. ఆ సంగతే ముందుపెట్టి వాదించాను. "జైల్లో క్రెష్ ఉంది కదమ్మా. పాలిస్తారు, డాక్టరు వచ్చి చూస్తారు. ఆరేళ్ల దాకా తల్లి దగ్గర ఉంచుకోవచ్చని సుప్రీంకోర్టే చెప్పింది. ఇక ఇబ్బందేముంది?" అన్నారు న్యాయమూర్తి. పిటిషన్ డిస్మిస్ అయింది. ఆ కోర్టు ఏదో ఇక్కడ చెప్పను. ఈ మాట ఒక్కచోటే విని ఉంటే పైకోర్టులో పిటిషన్ వేసుకుని ఊరుకునేదాన్ని. వేర్వేరు ఊళ్ల కోర్టుల్లో ఇదే మాట మళ్లీ మళ్లీ వింటున్నాను కాబట్టి మీ అందరికీ కలిపి రాస్తున్నాను.

ఆ మాట నేను ఒప్పుకోలేను. జైల్లో పడ్డ బిడ్డను కాపాడటానికి ఇచ్చిన తీర్పును చూపించి, బిడ్డ జైల్లో ఉంటే తప్పేమిటని అడగడం ఆ తీర్పుకే అన్యాయం.

ఆ తీర్పు మనకు పరాయిదేమీ కాదు. ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్. 1994 నాటి రిట్ పిటిషన్ మీద 2006 ఏప్రిల్ 13న ప్రధాన న్యాయమూర్తి వై.కె. సభర్వాల్ నేతృత్వంలోని ధర్మాసనం చెప్పింది. ప్రతివాదుల వరసలో మొదట ఉన్నది మన రాష్ట్రం పేరే. అప్పటికి రాష్ట్రం ఒక్కటే కాబట్టి ఆ పేరు ఇవాళ రెండు రాష్ట్రాలదీ. బిడ్డల తిండి ఎంతుండాలో అందులో గ్రాముల లెక్కన రాశారు. అందుకు కొలతలిచ్చిన వాటిలో హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ ఒకటి. ఏడాది నుంచి మూడేళ్ల బిడ్డకు రోజుకు అర లీటరు పాలు, 30 గ్రాముల పప్పు, 50 గ్రాముల ఆకుకూర, 100 గ్రాముల పండు. వాతావరణానికి తగ్గ బట్టలివ్వాలన్నారు. నామకరణం చేసుకోనివ్వాలన్నారు. జైల్లో ఉండగా పుట్టిన బిడ్డ జనన ధ్రువపత్రంలో పుట్టిన చోటుగా జైలు పేరు రాయకూడదు, ఆ పేట పేరే రాయాలన్నారు. సరైన వసతులు లేని సబ్‌జైళ్లలో పిల్లలున్న ఆడవాళ్లను అసలు ఉంచొద్దన్నారు. బిడ్డను ఖైదీగా గానీ విచారణ ఖైదీగా గానీ చూడకూడదన్నారు.

క్రెష్ సంగతి ఎత్తేవాళ్లకు ఇవన్నీ గుర్తుంటాయి. అదే తీర్పులో ఇంకో ఆదేశం ఉంది. అది జైలు సూపరింటెండెంట్లకు ఇచ్చింది కాదు, మీకిచ్చింది. బిడ్డలతో జైల్లో ఉన్న ఆడవాళ్ల కేసులకు ప్రాధాన్యమిచ్చి త్వరగా తేల్చాలి. కిక్కిరిసిన బ్యారక్‌లో, రకరకాల నేరాల నిందితుల మధ్య పెరగడం బిడ్డకు హాని అని కూడా ఆ తీర్పులోనే ఉంది. అలాంటి కేసుల జాబితా మీ కోర్టులో విడిగా ఉందా? ఇవాళ మీ పరిధిలోని జైల్లో ఎంతమంది పిల్లలున్నారో, వాళ్ల తల్లుల కేసు నంబర్లేమిటో ఎవరైనా అడిగితే మీ ఆఫీసు చెప్పగలదా? జైలు అన్న మాట సర్టిఫికెట్ మీద ఉంటేనే బిడ్డకు మచ్చ అవుతుందని దేశంలోని అత్యున్నత న్యాయస్థానం ఆలోచించింది. కాగితం మీద కూడా ఉండకూడని ఆ చోట బిడ్డ ఏడాది, రెండేళ్లు బతకడం మనకెలా సమ్మతమవుతోంది?

ఇదంతా జైళ్ల శాఖ పని అని మీలో కొందరికి అనిపించవచ్చు. జాతీయ నేర గణాంకాల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) లెక్క చూడండి. 2022 డిసెంబరు 31 నాటికి దేశంలోని జైళ్లలో 1,537 మంది తల్లులతోపాటు 1,764 మంది పిల్లలున్నారు. వాళ్లలో 1,479 మంది పిల్లల తల్లులు విచారణ ఖైదీలు. శిక్ష పడిన తల్లుల దగ్గర ఉన్నది 230 మందే. అంటే జైల్లో ఉన్న ప్రతి పదిమంది పిల్లల్లో ఎనిమిదిమంది తల్లుల మీద నేరం ఇంకా రుజువు కాలేదు. పిల్లలు జైలుకు చేరుతున్నది తీర్పుల వల్ల కాదు, రిమాండ్ ఉత్తర్వుల వల్ల. ఆ ఉత్తర్వు మీద సంతకం మీది. మీరు పంపితే తీసుకోవడం తప్ప జైలువాళ్లకు వేరే దారి లేదు. గేటు దగ్గరికి వచ్చిన బిడ్డకు పాల డబ్బా, దోమతెర, టీకాల కార్డు వెతుక్కునే బాధ్యత వాళ్లది. ఆ బిడ్డ గేటు దాకా రాకుండా ఆపగలిగే అధికారం మీకొక్కరికే ఉంది.

రిమాండ్ ఎలా జరుగుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. అయితే లీగల్ ఎయిడ్ న్యాయవాది నిలబడే చోటు నుంచి అది ఎలా కనిపిస్తుందో ఒక్కసారి చెప్పనివ్వండి. కోర్టు అయిపోయే వేళకు తీసుకొస్తారు. ఒక్కోసారి రాత్రిపూట మీ ఇంటి దగ్గరికే తెస్తారు. రిమాండ్ రిపోర్టులో ఆమె పేరు, భర్త పేరు, వయసు, కులం, వృత్తి, ఊరు, మండలం ఉంటాయి. ఒంటి మీద గుర్తులు రెండు రాస్తారు: ఎడమ మోచేతి మీద పుట్టుమచ్చ, కుడి కనుబొమ్మ పక్కన పాత గాటు. చంకలో ఉన్న బిడ్డను రాయరు. నేను చూసిన రిపోర్టుల్లో బిడ్డ సంగతి రాసిన గడి ఎక్కడా లేదు. బిడ్డ కూడా ఆ గదిలో ఉండదు. ఏడిస్తే జడ్జిగారికి ఇబ్బందని వరండాలో మహిళా కానిస్టేబుల్ ఎత్తుకుని తిప్పుతుంటుంది. లోపల మీరు అడగాల్సినవి అడుగుతారు. పోలీసులు కొట్టారా? అరెస్టు సంగతి ఇంట్లో ఎవరికి చెప్పారు? లాయర్ ఉన్నారా, లేకపోతే పెట్టమంటారా? ఆమె భయంతో అన్నిటికీ తలూపుతుంది. 14 రోజుల రిమాండ్ పడుతుంది. వారెంటు తల్లి పేరు మీద తయారవుతుంది. బిడ్డ పేరు మీద ఏదీ ఉండదు. వారెంటు లేకుండా, ఉత్తర్వు లేకుండా, ఫలానా నేరమని కూడా చెప్పకుండా అదే బండెక్కి జైలుకు పోతుంది. ఆ బిడ్డ కాగితం మీదకు మొదటిసారి ఎక్కేది జైలు గేటు దగ్గరి రిజిస్టరులోనే.

ఆ తర్వాత వాయిదాలన్నీ వీడియోలో. తెరమీద తల్లి ముఖం కనిపిస్తుంది. మీరు పొడిగింపు రాస్తారు. ఆమె ఒళ్లో ఎవరున్నారో ఆ కెమెరాకు అందదు. అరెస్టయిన మనిషిని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుకు తీసుకురావాలని రాజ్యాంగం 22వ అధికరణం చెప్పింది మనిషిని కళ్లారా చూడటానికే కదా? ఆ చూపు బిడ్డ మీద కూడా పడాలని అడగడం అత్యాశ అవుతుందా? "పాలు తాగే బిడ్డ ఉందా?" అన్న ఒక్క ప్రశ్న, దానికి వచ్చిన జవాబు రిమాండ్ ఉత్తర్వులో ఒక్క వాక్యం. ఇందుకు కొత్త చట్టం రానక్కర్లేదు, బడ్జెట్ కూడా అక్కర్లేదు.

చట్టం ఇప్పటికే మీ చేతిలో ఉంది. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరమైనా సరే నిందితురాలు స్త్రీ అయితే బెయిల్ ఇవ్వవచ్చని పాత సీఆర్‌పీసీ 437వ సెక్షన్ చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్‌లో 480వ సెక్షన్ కూడా అదే చెబుతోంది. ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో అలవాటుగా అరెస్టులు చేయొద్దని, అరెస్టు ఎందుకు అవసరమైందో చూడకుండా రిమాండ్‌కు పంపే మేజిస్ట్రేటు కూడా జవాబుదారీ అని 2014లో అర్నేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీకు తెలియని సెక్షన్లు కావివి. "ఇవ్వవచ్చు" అని చట్టం మీ విచక్షణకు వదిలిన చోట, ఆ విచక్షణ ఏ దయతో, ఏ తూకంతో వాడాలో చెప్పడానికి ఏడు నెలల బిడ్డకంటే పెద్ద కారణం ఏముంటుంది?

2024 ఆగస్టు 27న ఢిల్లీ మద్యం కేసులో కల్వకుంట్ల కవితకు బెయిల్ ఇస్తూ సుప్రీంకోర్టు అన్నది గుర్తు చేస్తాను. మనీలాండరింగ్ చట్టం 45వ సెక్షన్‌లో స్త్రీలకిచ్చిన మినహాయింపు ఆమె చదువుకున్న మనిషి, పలుకుబడి ఉన్న మనిషి అన్న కారణంతో పోదని ఢిల్లీ హైకోర్టు అభిప్రాయాన్ని తప్పుపట్టింది. అది సరైన మాట. మినహాయింపు స్త్రీ అయినందుకు వచ్చింది, హోదాతో దానికి పని లేదు. అయితే అంతకు కొన్ని నెలల ముందు తన కొడుకు పరీక్షలున్నాయని ఆమె అడిగిన మధ్యంతర బెయిల్‌ను విచారణ కోర్టు తిరస్కరించిన సంగతి తెలుగువాళ్లంతా పత్రికల్లో చదివారు. దేశంలోకెల్లా పేరున్న న్యాయవాదులు పక్కన నిలబడిన తల్లికే అన్ని మెట్లు ఎక్కాల్సి వస్తే, బస్టాండులో పర్సు కొట్టేసిందని పట్టుబడి, వకాలతు మీద వేలిముద్ర వేసిన తల్లి ఆ చివరి మెట్టు దాకా ఎప్పటికి వస్తుంది? ఆమెకు మొదటి మెట్టూ చివరి మెట్టూ మీ కోర్టే.

బెయిల్ రాదని చెప్పడం లేదు, కాలక్రమంలో వస్తుంది కదా అంటారు. బీఎన్‌ఎస్‌ఎస్ 479వ సెక్షన్ ప్రకారం అంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడనివాళ్లు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం జైల్లో గడిపితే విడుదల చేయాలి. మంచి సెక్షనే. ఏడేళ్ల శిక్ష పడే కేసులో మూడో వంతు అంటే 28 నెలలు. రిమాండ్ నాటికి ఏడు నెలలున్న బిడ్డకు అప్పటికి మూడేళ్లు నిండడానికి ఒక్క నెలే తక్కువ. పళ్లొస్తాయి, నడక వస్తుంది, మాటలొస్తాయి, తల్లిపాలు మానేస్తుంది, ఇంటిని ఒక్క రోజు కూడా చూడకుండా ఇవన్నీ అయిపోతాయి. పెద్దవాళ్లకు 28 నెలలు జీవితంలో ఒక ముక్క. ఆ బిడ్డకు దాదాపు జీవితమంతా అదే. చట్టం తల్లి శిక్షా కాలాన్ని చూసి లెక్కగట్టింది, బిడ్డ వయసును లెక్కలోకి తీసుకోలేదు. తీసుకోవాల్సింది మీరు.

ఇక్కడ ఆ జీవితం ఎలా ఉంటుందో చెప్పాలి, ఎందుకంటే క్రెష్ అనగానే మనకు గోడ మీద బొమ్మలు, ప్లాస్టిక్ ఉయ్యాల కళ్లముందు కదులుతాయి. అవి ఉన్నచోట ఉన్నాయి. జైలు సిబ్బందిలో పిల్లల్ని సొంత మనవల్లా చూసుకునే ఆడవాళ్లను చంచల్‌గూడలో, రాజమహేంద్రవరంలో నేను చూశాను. వాళ్లను తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. కానీ క్రెష్ నడిచేది పగటిపూట కొన్ని గంటలు. సాయంత్రం లెక్క చూసి బ్యారక్‌కు తాళం వేస్తారు, మళ్లీ తెల్లారాకే తీస్తారు. ఆ మధ్య సమయమంతా బిడ్డ ఆ తాళం వెనకే. మన ఇళ్లల్లో ఆరుబయట నిలబెట్టి చందమామను చూపిస్తూ గోరుముద్దలు పెట్టే వేళకు ఆ బిడ్డ లోపల ఉంటుంది. రాత్రి దగ్గు వచ్చినా, జ్వరం వచ్చినా తల్లి ఊచల దగ్గర నిలబడి వార్డరును కేకేయాలి. పక్క పరుపు మీద ఒకామె రాత్రంతా ఏడుస్తుంటుంది, ఇంకో ఇద్దరు నీళ్ల దగ్గర తిట్టుకుంటుంటారు. బిడ్డకు మాటలొచ్చేది వాటిలోంచే.

ఉపాధ్యాయ్ తీర్పులోనే ఒక అధ్యయనం ప్రస్తావన ఉంది. జైళ్లలో పెరిగిన మగపిల్లలు కొందరు తమ గురించి ఆడపిల్లల్లా మాట్లాడుతున్నారట, చుట్టూ ఆడవాళ్ల మాట తప్ప వేరే మాట వినకపోవడం వల్ల. కోర్టుకు తల్లితోపాటు వస్తూ దారిలో పశువుల్ని చూసి పిల్లలు భయపడ్డారట. మగవాళ్లంటే వాళ్లకు తెలిసింది పోలీసులు, జైలు సిబ్బంది మాత్రమే. రోడ్డు మీద నిలబడ్డ ఆవును చూసి జడుసుకునే బిడ్డను అరలీటరు పాల లెక్కతో ఎలా సరిపెడతాం?

ఒక మాట నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది. "బయటుంటే ఆ పాలు, ఆ గుడ్డు కూడా దొరకవమ్మా, జైల్లో ఉండటమే బిడ్డకు మేలు" అని. మంచి మనసుతోనే అంటారు. వినేకొద్దీ కడుపు తరుక్కుపోతుంది. 2013 ఆహార భద్రతా చట్టం ఆర్నెల్ల నుంచి ఆరేళ్ల దాకా ప్రతి బిడ్డకూ అంగన్‌వాడీ ద్వారా పోషకాహారం హక్కుగా ఇచ్చింది. తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణికి, బాలింతకు అంగన్‌వాడీలో పూట భోజనం, గుడ్డు, పాలు ఇవ్వాలి. ఆ ఇంటికి ఆ గుడ్డు అందకపోతే అడగాల్సింది అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్ వాళ్లను. బిడ్డకు తిండి లేని ఇల్లని తెలిశాక ఆ ఇంటికి తిండి చేర్చమని ఆదేశించే అధికారం మీకుంది, న్యాయసేవాధికార సంస్థ మీ చేతిలోనే ఉంది. పేదరికం బిడ్డను జైల్లో ఉంచడానికి కారణమైతే, రేపు ఏ పేద తల్లి బిడ్డ బయట ఉండాలి?

ఇంకో అడ్డం బెయిల్ వచ్చాక మొదలవుతుంది. ఇద్దరు జామీనుదారులు, ఒక్కొక్కరూ పది వేలో ఇరవై వేలో. జామీనుదారుకు ఇంటిపన్ను రసీదు ఉండాలి, తహశీల్దారు ఆఫీసు నుంచి సాల్వెన్సీ సర్టిఫికెట్ రావాలి, లోకల్ మనిషై ఉండాలి. ఒడిశా నుంచి పెద్దపల్లి ఇటుక బట్టీలకు వచ్చిన కుటుంబానికి ఇక్కడ ఇంటిపన్ను కట్టే మనిషి ఎక్కడ దొరుకుతాడు? 1978లో మోతీరామ్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ముందుకు వచ్చింది ఇలాంటి తాపీమేస్త్రీ గోడే. పదివేల పూచీకత్తు అడిగి, సొంత సోదరుడు నిలబడితే ఆస్తి వేరే జిల్లాలో ఉందని కాదన్నారు. అది తప్పని ఆనాడే చెప్పారు. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు మరీ స్పష్టంగా చెప్పింది: బెయిల్ వచ్చి వారంలో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలి, నెలలో పూచీకత్తు పెట్టలేకపోతే కోర్టే తనంతట తాను షరతులు సడలించే విషయం పరిశీలించవచ్చు, లోకల్ జామీనుదారు కావాలన్న షరతు పెట్టకపోవడం మంచిది. పేద ఖైదీల కోసం కేంద్రం 2023లో తెచ్చిన పథకం కింద విచారణ ఖైదీకి పూచీకత్తు డబ్బు సాయం చేయవచ్చు. ఇన్ని ఉండగా, బెయిల్ వచ్చిన తల్లి బిడ్డతో సహా ఇంకా జైల్లోనే ఉందంటే ఆ నెలలో ఎవరూ ఆ ఫైలు తెరిచి చూడలేదని అర్థం. సొంత పూచీకత్తు మీద పంపితే సరిపోదా? ఏడు నెలల బిడ్డను చంకనేసుకుని ఎంత దూరం పారిపోతుంది?

కష్టమైన కేసులున్నాయి. తెలుసు. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల మీది నుంచి గంజాయి దించే మనుషుల్లో ఆడవాళ్లుంటారు, చంటిపిల్లలతో ఉంటారు. పోలీసులు అనుమానించరని పిల్లలున్న ఆడవాళ్లనే ముఠాలు వాడుకుంటాయన్న ప్రాసిక్యూషన్ వాదన పూర్తిగా అబద్ధమని నేను అనను. సరుకు 20 కిలోలు దాటితే మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) 37వ సెక్షన్ అడ్డొస్తుంది, మీ చేతులు కట్టేసినట్టే ఉంటుంది. అయినా 2024 నవంబరులో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచ్ ఎన్‌డీపీఎస్ కేసులోనే ఒక గర్భిణికి ఆరు నెలల తాత్కాలిక బెయిల్ ఇచ్చింది. జైల్లో కాన్పు తల్లికే కాదు, పుట్టబోయే బిడ్డకూ హాని అన్నది ఆ ఉత్తర్వు సారాంశం. కాన్పుకు వర్తించిన మాట కాన్పు తర్వాతి నెలలకు వర్తించదా? మూటకు కూలి తీసుకుని మోసిన తల్లీబిడ్డలు జైల్లో ఉంటే, మూట ఎవరిదో వాడు ఆ కేసులో నిందితుడిగా కూడా ఉండడు. ప్రత్యేక న్యాయమూర్తులు ఈ తేడాను పట్టించుకోవాలి.

బాధితులను మరిచిపోమని నేను అడగడం లేదు. హత్య జరిగిన ఇంట్లోనూ పిల్లలుంటారు. తన బిడ్డనే హింసించిన తల్లిని వదలమని ఎవరూ అడగరు. హద్దు ఎక్కడ గీయాలో చూపించిన దేశాలున్నాయి. 2018 ఫిబ్రవరిలో బ్రెజిల్ సుప్రీంకోర్టు ఒకే ఉత్తర్వుతో, విచారణ ఖైదులో ఉన్న గర్భిణులనూ, 12 ఏళ్ల లోపు పిల్లలున్న తల్లులనూ గృహనిర్బంధంలోకి మార్చమంది. హింసతో కూడిన నేరాలు, సొంత పిల్లల మీద చేసిన నేరాలు మినహాయించింది. అదే ఏడాది డిసెంబరులో అక్కడి పార్లమెంటు దాన్ని చట్టంగా చేసింది. ఐక్యరాజ్యసమితి 2010లో ఆమోదించిన బ్యాంకాక్ నియమాలు కూడా గర్భిణులకు, చిన్నపిల్లలున్న తల్లులకు వీలైనంతవరకు జైలు బయటి ప్రత్యామ్నాయాలే చూడమంటున్నాయి. అంత దూరం కూడా వద్దు. 2020 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం యావజ్జీవ శిక్ష పడిన 53 మంది స్త్రీలకు విడుదల ఉత్తర్వులిచ్చింది. నేరం రుజువైనవాళ్లకు ఇవ్వగలిగిన అవకాశం, రుజువు కానివాళ్ల బిడ్డలకు ఇవ్వలేమా?

ఈ లేఖను తిరగేసి చదివే ప్రమాదం ఒకటుంది. "సరే, బిడ్డను ఇంటికి పంపండి, లేదంటే శిశుగృహానికి పంపండి, తల్లి జైల్లో ఉంటుంది" అని. దయచేసి అలా చేయకండి. తల్లి నుంచి చంటిబిడ్డను వేరుచేయడం జైలుకంటే పెద్ద శిక్ష. తల్లి లోపలే ఉండక తప్పని కేసుల్లో బిడ్డ ఆమె దగ్గరే ఉండాలి, ఆ అరలీటరు పాలు, ఆ క్రెష్, ఆ డాక్టరు ఉండే తీరాలి. ఉపాధ్యాయ్ తీర్పు ఉన్నది ఆ బిడ్డల కోసం. నేనడుగుతున్నది తల్లీబిడ్డలిద్దరినీ బయట ఉంచగలిగిన కేసుల గురించి. అవి చాలా ఉన్నాయి. చిల్లర దొంగతనాలు, నాటుసారా, తగువులు, అత్తింటివాళ్లందరినీ కలిపి పెట్టిన కేసులో మూడో నిందితురాలిగానో నాలుగో నిందితురాలిగానో చేర్చిన చిన్నకోడలు. వీళ్లలో ఎవరిని బయట ఉంచితే సాక్ష్యాలు తారుమారవుతాయి?

మొదటి రిమాండ్ రోజున బిడ్డను వరండాలో ఉంచకుండా గదిలోకి పిలిపించి చూడండి. బిడ్డ పేరు, వయసు, తల్లిపాలు తాగుతోందా లేదా అన్నది ఉత్తర్వులో రాయండి. బిడ్డ ఉందని తెలిసి కూడా తల్లిని రిమాండ్‌కు పంపక తప్పకపోతే, ఎందుకు తప్పలేదో నాలుగు వాక్యాల్లో రాయండి. ఆ నాలుగు వాక్యాలు రాయాల్సి వస్తే చాలా ఉత్తర్వులు వేరుగా ఉంటాయని నా నమ్మకం. పొడిగింపుల వేళ వీడియో తెరమీద బిడ్డను కూడా చూపించమని అడగండి. గర్భిణి అయితే కాన్పు తేదీ రాసి, ఆలోపే బెయిల్ పిటిషన్ వినండి.

జిల్లా ప్రధాన న్యాయమూర్తులకు ప్రత్యేకంగా ఒక విన్నపం. కలెక్టరు, ఎస్పీ, న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శి, జైలు సూపరింటెండెంట్ మీతో ఒకే బల్ల చుట్టూ కూర్చునే చోటు అండర్‌ట్రయల్ రివ్యూ కమిటీ. ఆ సమావేశానికి వచ్చే జాబితాలో సెక్షన్, రిమాండ్ తేదీ, జైల్లో గడిపిన రోజులు ఉంటాయి. ఇంకొక గడి చేర్చండి: బిడ్డ ఉందా, ఎన్ని నెలలు. ఆ గడి నిండిన పేర్లన్నీ మొదటి పేజీలో పెట్టించండి, మిగతా ఏ పేరూ తీయకముందు వాటిని తేల్చండి. కలెక్టరు అక్కడే ఉంటారు కాబట్టి పూచీకత్తు డబ్బు, అంగన్‌వాడీ పేరు నమోదు అదే రోజు అయిపోతాయి.

మీ ఆఫీసుల్లో సిబ్బంది కొరత నాకు తెలుసు. ఆ జాబితా తయారు చేయడానికి జైలుకు వెళ్లి తల్లులతో మాట్లాడి, టీకా కార్డులో బిడ్డ పుట్టిన తేదీ చూసి, కేసు నంబర్లు రాసి తెచ్చే పని ప్యానెల్ న్యాయవాదులం, పారాలీగల్ వాలంటీర్లం చేస్తాం. జైల్లోకి వెళ్లడానికి మీ అనుమతి ఉత్తర్వు చాలు. వచ్చే సమావేశం తేదీ చెప్పండి.

భవదీయురాలు,
జిల్లా న్యాయసేవాధికార సంస్థ ప్యానెల్ న్యాయవాది,
హనుమకొండ